సేజ్ మొక్కకు నీళ్ళు తగ్గించు, వంటలో నెయ్యి పెంచు

సందేహం: అక్కా, మొన్న థాంక్స్‌గివింగ్ పండక్కి ఆఫీసులో తెలిసినవాళ్ళు భోజనానికి పిలిచారు. స్టఫింగ్ అనే రొట్టెముక్కల వంటకంలో వేసిన ఆకు వాసన నచ్చి సేజ్ ప్యాకెట్ కొన్నాను. కొత్తిమీరలా పప్పు మీద చల్లితే చేదొచ్చింది. మన వంటల్లో దీన్నెలా వాడాలి? న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెరుగుతుందా?

చెల్లీ, పెరుగుతుంది. ఇక్కడి చలిలో కరివేపాకు కుండీని అక్టోబరు రాకముందే ఇంట్లోకి మోసుకొచ్చి, మే నెల దాకా కిటికీ పక్కన బతిమాలుకుంటూ కూర్చోవాలి. సేజ్‌కి ఆ బాధ లేదు, మంచు కురిసినా బయటే ఉంటుంది. అందుకే కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి మొక్క ఏది పెట్టుకోమంటారని అడిగితే నేను దీని పేరే చెబుతాను.

ముందు వంట సంగతి. నీ పప్పు చేదెక్కింది పచ్చి ఆకు చల్లడం వల్లే. సేజ్ ఆకు మందంగా, నూగుతో ఉంటుంది. దాని ఘాటు నీళ్ళలోకి సరిగ్గా దిగదు, నూనెలో, నెయ్యిలో బాగా దిగుతుంది. కాబట్టి దీని చోటు తాలింపు గిన్నె. రెండు చెంచాల నెయ్యి కాచి, కడిగి పూర్తిగా తడి ఆర్చిన ఆకులు ఆరో ఏడో వెయ్యి. తడి ఉంటే చిటపటలాడి చేతి మీదకి చిందుతుంది. బుడగలు తగ్గి, ఆకు ముదురాకుపచ్చకు తిరిగి గలగలలాడగానే తీసెయ్యి. అరనిమిషం కూడా పట్టదు. ఆకు గోధుమరంగుకు వచ్చిందంటే చేదు తిరిగినట్టే. ఆ నెయ్యిలోనే వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి, ఉడికించిన బటర్‌నట్ స్క్వాష్ (గుమ్మడి జాతి కాయ) మీద పోసి, వేగిన ఆకుల్ని పైన నలిపి చల్లు. మన తీపి గుమ్మడికాయ కూర తినే ఇళ్ళలో ఇది వెంటనే కుదురుతుంది. ఇటలీ వాళ్ళు రావియోలీ, అంటే గుమ్మడికాయ కూరిన పిండి బిళ్ళల మీద వెన్నలో వేయించిన సేజ్ పోసుకునేది ఈ పొత్తు కోసమే.

బొబ్బర్లతో ఇంకా బాగుంటుంది. టస్కనీ ప్రాంతంలో తెల్ల చిక్కుడు గింజల్ని టమాటా, వెల్లుల్లి, సేజ్ వేసి వండుతారు. వాటి బదులు బొబ్బర్లు నానబెట్టి ఉడికించి, ఆలివ్ నూనెలో వెల్లుల్లి, సేజ్ వేగాక టమాటా మగ్గించి కలపడమే. నేను అందులో ఒక ఎండుమిర్చి తుంచి వేస్తాను, అన్నంలోకి కూడా సరిపోతుంది. ఇక సాయంత్రం చిరుతిండికి వామాకు బజ్జీ గుర్తుందిగా, అలాగే పెద్ద సేజ్ ఆకుల్ని శనగపిండి జారులో ముంచి వేయించు. పిండిలో వాము మాత్రం వెయ్యకు, రెండు ఘాట్లూ కొట్టుకుంటాయి. కరివేపాకు, ఇంగువ ఉన్న తాలింపులోనూ నేను సేజ్ వెయ్యను. సాంబారు, రసం, చింతపండు పులుసుల్లో దీనికి పనిలేదు. బంగాళాదుంప వేపుడు, పుట్టగొడుగులు, కోడి వేపుడు, వీటిలో వేసి చూడు. నలుగురికి చేసే కూరలో ఆరేడు ఆకులు దాటనివ్వకు. ఎండు సేజ్ పొడి అయితే మరీ ఘాటు, పెద్ద చెంచాడు పచ్చి ఆకు తరుగు వెయ్యాల్సిన చోట చిన్న చెంచాడు చాలు.

పెంపకానికి వద్దాం. విత్తనాలతో మొదలుపెట్టకు, మొలిచి ఎదగడానికి ఏడాది తినేస్తుంది. ఏప్రిల్ చివర్లో, మే మొదట్లో నర్సరీల్లో చిన్న మొక్కలు దొరుకుతాయి. చీటీ మీద సాల్వియా అఫిసినాలిస్ అని ఉండాలి. సేజ్ అన్న పేరుతో అమ్మేవన్నీ వంటవి కావు. రష్యన్ సేజ్ పూలకోసం పెంచుకునేది. కట్టలు కట్టి పొగ వేసుకోవడానికి అమ్మే తెల్ల సేజ్ కాలిఫోర్నియా వైపు పెరిగే వేరే జాతి. బెర్గార్టెన్ రకం దొరికితే తీసుకో, ఆకులు వెడల్పుగా ఉండి బజ్జీలకు బాగుంటాయి.

పది అంగుళాల మట్టి కుండీ, అడుగున చిల్లు తప్పనిసరి. పాటింగ్ మిక్స్‌లో (కుండీల కోసం అమ్మే మట్టి) పెర్లైట్, అంటే నీళ్ళు నిలవనివ్వని తెల్లటి తేలిక రాతి గుళికలు, ధారాళంగా కలుపు. రోజుకి ఆరుగంటల ఎండ తగిలే చోట పెట్టు. ఇది మధ్యధరా తీరంలో రాళ్ళగుట్టల మీద పుట్టిన మొక్క, తులసీ పుదీనాల కుటుంబంలోదే అయినా వాటిలా రోజూ నీళ్ళు అడగదు. పైన అంగుళం మట్టి పొడిబారాకే నీళ్ళు పొయ్యి. మనవాళ్ళ చేతుల్లో సేజ్ చనిపోయిందంటే నూటికి తొంభైసార్లు కారణం ప్రేమగా రోజూ పోసిన నీళ్ళే. ఎరువు కూడా దాదాపు అక్కర్లేదు, ఎక్కువైతే ఆకు పెరిగి వాసన తగ్గుతుంది. జులై ఉక్కలో ఆకుల మీద తెల్లటి బూజు కనిపిస్తే కుండీని గాలి ఆడేచోటికి జరిపి, పట్టిన ఆకులు తుంచెయ్యి.

చలికాలం గురించి భయపడకు. చలి తీవ్రతను బట్టి ప్రాంతాల్ని జోన్లుగా విడగొట్టిన అమెరికా వ్యవసాయశాఖ మ్యాపులో 5 నుంచి 8 జోన్ల దాకా ఇది ఏళ్ళ తరబడి బతుకుతుంది. న్యూజెర్సీలో చాలాభాగం 6, 7 జోన్లే. నేలలో కంటే కుండీలో వేళ్ళకు చలి ఎక్కువ తగులుతుంది కాబట్టి డిసెంబరు నుంచి కుండీని గోడ పక్కకు చేర్చు. చలికంటే నీళ్ళు నిలిచిన మట్టే దీన్ని చంపుతుంది. డాలస్ వైపు ఉన్నవాళ్ళకు మన నల్లరేగడి లాంటి బంకమట్టి, కాబట్టి వాళ్ళు ఎత్తు మడిలో గానీ కుండీలో గానీ పెట్టి, మధ్యాహ్నపు ఎండకు కాస్త నీడ చూపించాలి.

వసంతంలో కొత్త చిగుళ్ళు కనిపించాక కొమ్మల్ని మూడోవంతు కత్తిరించు. ఆకుల్లేని కట్టె దాకా మాత్రం కొయ్యకు, అక్కడినుంచి మళ్ళీ చిగురెయ్యదు. మూడు నాలుగేళ్ళకు మొక్క కట్టెబారుతుంది. అప్పటికల్లా ఒక కొమ్మను వంచి పక్క కుండీలో మట్టి కప్పి ఉంచితే వేళ్ళు పట్టేస్తుంది, కొత్త మొక్క కొనే పనిలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. మన ఇళ్ళలో ఏ ఆకు దొరికినా కషాయం కాచే అలవాటుంది. సేజ్‌లో థుజోన్ అనే పదార్థం ఉంది, మోతాదు మించితే మూర్ఛ తెప్పించగలదు. కూరలో నాలుగాకులతో ఏమీ కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళు దీని కషాయాల జోలికి పోవద్దు. సీసాల్లో అమ్మే సేజ్ తైలం ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

నువ్వు శాకాహారివైతే ఇంకొకటి. స్టఫింగ్ చూడ్డానికి ఉత్త రొట్టెముక్కల్లా ఉన్నా అందులో సాధారణంగా కోడి, టర్కీ రసం పోస్తారు, కొందరు పక్షి కడుపులోనే పెట్టి కాలుస్తారు. వచ్చే ఏడు పిలిచినప్పుడు ముందే అడుగు, ఎవరూ తప్పుపట్టరు. కూరగాయల రసంతో చేసిన గిన్నె నువ్వే పట్టుకెళితే మరీ మంచిది. ఆ వాసనంతా సేజ్, ఉల్లిపాయ, సెలరీ, వెన్నలదే, మాంసం లేకపోయినా రుచి తగ్గదు.