కొండ ఊళ్లో ఫ్లాటు: పైకప్పు ఎవరిదో తేలాకే బయానా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేనూ మావారూ మిలాన్‌లో ఐటీ ఉద్యోగులం. ఇద్దరికీ ఉద్యోగంపై వచ్చిన నివాస అనుమతి ఉంది. సెలవుల్లో వెళ్లి ఉండడానికి అబ్రుత్సో ప్రాంతంలో, మయెల్లా పర్వతానికి ఎదురుగా కొండవాలున ఉన్న ఒక చిన్న ఊళ్లో ఫ్లాటు చూశాం. పాత రాతి భవనంలో రెండో అంతస్తు, 72 చదరపు మీటర్లు. ఒక బిల్డరు దాన్ని కొని, లోపలంతా కొత్తగా చేయించి అమ్ముతున్నాడు. మధ్య గోడ తీసేసి వంటగదిని హాలులో కలిపాడు. పాత దూలాలకు పాలిష్ పెట్టించాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా మంచు కొండ. ధర 68,000 యూరోలు. పైన అటక తాళం వేసి ఉంది, దాని యజమానులు అర్జెంటీనాలో ఉంటారట. కింద ఒక పెద్దాయన వైన్ పీపాలు పెట్టుకునే గది. నెలాఖరులోగా 10,000 బయానా ఇవ్వకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఎం. ఎస్., మిలాన్

జవాబు: ఇవ్వకండి. ఇంకొకరికి ఇచ్చుకుంటే ఇచ్చుకోనివ్వండి. అపెన్నైన్ కొండ ఊళ్లలో తాళం వేసిన ఇళ్లకు కొదవ లేదు, కొనేవాళ్లకే కొదవ. తొందర ఆయనది, మీది కాదు.

మీ ఉత్తరంలో వంటగది ఉంది, దూలాలు ఉన్నాయి, కిటికీ ఉంది. పైకప్పు గురించి ఒక్క మాట లేదు. పాత ఇళ్ల మరమ్మతులతోనే పొద్దుపోయే ఇంజినీరును కాబట్టి నా కన్ను ముందు అక్కడికే పోతుంది. మీరు కొంటున్నది ఎప్పుడో కట్టిన ఒక రాతి భవనంలో వాటా. బిల్డరు బాగుచేసింది మీ వాటా లోపలి భాగాన్ని. వానకు, భూకంపానికి, జారే మట్టికి ఆ సరిహద్దు తెలియదు.

ఇటలీ సివిల్ కోడ్ 1117వ అధికరణం ప్రకారం, దస్తావేజులో వేరేగా రాసి ఉంటే తప్ప, పైకప్పు, పునాదులు, బరువు మోసే గోడలు, మెట్లు అందరికీ ఉమ్మడి. మరమ్మతు ఖర్చును ‘మిల్లేసిమి’ అనే వెయ్యిలో వంతుల లెక్కన పంచుకోవాలి. చదవడానికి బాగానే ఉంది. పంచుకోవలసినవారిలో ఒకరు అట్లాంటిక్ అవతల ఉన్నారు, అదీ చిక్కు. అబ్రుత్సో నుంచి తరాల తరబడి కుటుంబాలు ఓడలెక్కి అర్జెంటీనాకు వెళ్లిపోయాయి. ఇక్కడ మిగిలిన అటకలు తాతల పేర్ల మీదే ఉండిపోతాయి. వారసులు ఎంతమందో, ఎక్కడెక్కడ ఉన్నారో వాళ్లకే తెలియదు. యజమానులు ఎనిమిది మందికి మించితేనే భవనానికి నిర్వాహకుడు ఉండి తీరాలని చట్టం. మీ భవనంలో ముగ్గురో నలుగురో ఉంటారు, కాబట్టి సమావేశం పిలిచేవాడే ఉండడు. పోనీ మీరే డబ్బు పెట్టి కప్పు వేయించుకుందామంటే 1134వ అధికరణం అడ్డొస్తుంది. ఎవరినీ అడగకుండా ఉమ్మడి భాగానికి ఖర్చు చేసినవారికి, అది అత్యవసరమైన పని అయితే తప్ప, ఆ సొమ్ము తిరిగి రాబట్టుకునే హక్కు లేదు. కారే నీళ్లు మాత్రం మీ పాలిష్ దూలాల మీదుగానే దిగుతాయి.

అందుకని బిల్డరును ముందు అడగవలసింది ఇది: అటక తాళం తీయించగలరా? పైకి మీరు కాదు, మీరు నియమించుకున్న ‘జెయోమెత్ర’ ఎక్కాలి. జెయోమెత్ర అంటే సర్వేలు, కొలతలు, మునిసిపల్ అనుమతులు చూసే లైసెన్సుదారు. ఇటలీలో పాత ఇల్లు కొనేవాడికి ఇంతకంటే అవసరమైన మనిషి లేడు. బిల్డరు చూపించిన జెయోమెత్ర వద్దు, వేరే ఊరి నుంచైనా మీరే తెచ్చుకోండి. పెంకుల కింద దూలాలు పుచ్చాయా, కప్పు ఎప్పుడు మార్చారు, ఇవి చూసి రాతపూర్వకంగా ఇవ్వమనండి. వారసులు దొరికి, వారసత్వం సక్రమంగా నమోదై ఉండి, అమ్మడానికి ఒప్పుకుంటే అటకను కూడా కలిపి కొనేయండి. ఇలాంటి అటకలు పెద్దగా ధర పలకవు. మీ ఇంటి బాగోగులు మాత్రం దాని చేతిలో ఉంటాయి. అది కుదరకపోతే కప్పు మరమ్మతుకు అయ్యే మొత్తంలో మీ వాటాను కాదు, మొత్తాన్నీ ధరలోంచి తగ్గించమనండి. ఆయన ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనివ్వండి.

ఇక ఆ తీసేసిన గోడ. ఉత్తరం చదువుతుంటే నాకు అక్కడే గుండె ఆగినంత పనైంది. రాతి భవనంలో మధ్య గోడ చాలాసార్లు బరువు మోసే గోడే. దాన్ని తీయాలంటే స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్కలు కావాలి, ఆ స్థానంలో ఇనుప చట్రం కూర్చోవాలి, ఆ నమూనా ‘జెనియో చివీలె’ అనే ప్రభుత్వ కార్యాలయంలో దాఖలై ఉండాలి. పనికి ముందు ‘కొమూనె’లో, అంటే ఊరి మునిసిపల్ ఆఫీసులో, అనుమతి పత్రం పెట్టి ఉండాలి. మీ జెయోమెత్ర అక్కడ ఆ ఇంటి పాత ఫైలు తీయించి, అందులోని నమూనానూ ఇప్పటి గదులనూ పోల్చి చూస్తాడు. ‘కతాస్తో’ నమూనాతో ఇల్లు సరిపోయింది కదా అని బిల్డరు అనవచ్చు. కతాస్తో పన్ను లెక్కల కోసం పెట్టిన రికార్డు. 2010 నుంచి, అది ఇంటితో సరిపోలుతోందని దస్తావేజులో ప్రకటించకపోతే అమ్మకం చెల్లదు, నిజమే. కానీ అది సరిపోయినంత మాత్రాన కట్టడం సక్రమమైనదని కాదు. నోటరీ యాజమాన్యం, తాకట్లు, కాగితాలు చూస్తాడు. ఇంటికి వచ్చి గోడలు లెక్కపెట్టడు. వీటితోపాటు కరెంటు, గ్యాసు పనులు చేసినవారు ఇచ్చిన అనుగుణ్యతా పత్రాలు, ఇంటి ఇంధన ధ్రువపత్రం కూడా తీసుకోండి. నిజంగా కొత్తగా చేయించినవాడి దగ్గర ఇవన్నీ ఒక ఫైలులో ఉంటాయి.

2009 ఏప్రిల్ 6న లాక్విలాలో వచ్చిన భూకంపంలో 309 మంది చనిపోయారు. మీరు చూసిన ఊరూ అదే అబ్రుత్సోలో ఉంది. మయెల్లా వాలు ఊళ్లను 1933లో వచ్చిన భూకంపమే కుదిపేసింది. ఇటలీ అంతటినీ నాలుగు భూకంప మండలాలుగా విభజించారు. ఒకటోది అత్యంత ప్రమాదకరం. మీ ఊరు ఏ మండలంలో ఉందో కొమూనెలో ఒక్క నిమిషంలో చెబుతారు. బయటి గోడల మీద పెద్ద ఇనుప పట్టీలు, బిళ్లలు కనిపిస్తే సంతోషించండి. గోడలను ఒకదానితో ఒకటి బిగించి ఉంచే కడ్డీల కొసలవి. బలహీనమైన రాతి గోడల మీద తేలికైన చెక్క కప్పు తీసేసి బరువైన కాంక్రీటు కప్పు పోసిన ఇల్లు కనిపిస్తే మాత్రం వెనక్కి తిరగండి. అలాంటి కప్పులు కింది గోడలను ఎలా చీల్చేస్తాయో గత భూకంపాలు చూపించాయి. పక్క పక్కన ఆనుకుని ఉన్న ఇళ్లు భూకంపంలో కలిసే కదులుతాయి కాబట్టి కూలడానికి సిద్ధంగా ఉన్న పక్కిల్లు మీ ఇంటి సమస్యే. మట్టి జారడం సంగతి చూడడానికి ఇస్ప్రా అనే జాతీయ సంస్థ పెట్టిన ఇద్రోజెయో పటం ఉచితంగా దొరుకుతుంది. 2017 ఫిబ్రవరిలో ఇదే అబ్రుత్సోలో, చివితెల్లా దెల్ త్రోంతో దగ్గర పొంత్సానోలో కొండవాలు జారి ఇళ్లు ఖాళీ చేయవలసి వచ్చింది.

తేమ గురించి. రెండో అంతస్తు కదా, తేమ ఎక్కడిది అనుకోకండి. కొండవాలు ఇంట్లో ముందు నుంచి రెండో అంతస్తు అయినది వెనక నుంచి నేలమట్టం కావచ్చు, ఆ వైపు గోడ కొండ మట్టికి ఆనుకుని ఉండవచ్చు. ఆ గోడకు కొత్త జిప్సం పలకలు బిగించి ఉంటే వెనక ఏముందని అడగండి. పాత రాతి గోడకు సున్నపు గార కావాలి, అది తేమను పీల్చి వదిలేస్తుంది. గానుగ సున్నంతో కట్టిన మన పాత మండువా ఇళ్లలో పెరిగినవారికి ఇది చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ గోడకు సిమెంటు పూసి, పైన ప్లాస్టిక్ రంగు వేసి, ‘పూర్తిగా కొత్తది’ అని బోర్డు పెడతారు. ఇల్లు జూలైలో చూసి ఉంటే ఇంకోసారి ఫిబ్రవరిలో, వాన పడ్డ మర్నాడు వెళ్లి ముక్కుతో చూడండి.

డబ్బు విషయానికి వస్తాను. ‘కపార్రా కన్ఫెర్మతోరియా’ పేరుతో బయానా ఇచ్చి మీరు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము పోయినట్టే. అమ్మేవాడు మాట తప్పితే రెట్టింపు ఇవ్వాలి. కాబట్టి ఒప్పందంలోనే జెయోమెత్ర నివేదిక సక్రమంగా వస్తేనే కొనుగోలు అనే షరతు రాయించండి. ఒప్పందాన్ని నోటరీ దగ్గర చేయించి భూ రికార్డులలో నమోదు చేయిస్తే, ఆ తర్వాత బిల్డరు అప్పులవాళ్లు ఇంటిమీద పడినా మీ హక్కు ముందుంటుంది. నోటరీకి ఫీజు కట్టేది మీరే కాబట్టి నోటరీని ఎంచుకునే హక్కూ మీదే. 2017 చట్టం వచ్చాక, అమ్మకం నమోదయ్యేవరకు ధరను నోటరీ ప్రత్యేక ఖాతాలో ఉంచమని కోరవచ్చు. సిగ్గుపడకుండా కోరండి.

పన్నులో ఒక తిరకాసు ఉంది. పునరుద్ధరణ చేసిన సంస్థే, పని పూర్తయిన ఐదేళ్లలోపు అమ్మితే రెండో ఇంటిపై 10 శాతం వ్యాట్ కట్టాలి. 68,000కు 6,800, పైన మూడు స్థిర పన్నులు రెండేసి వందలు, మొత్తం 7,400 యూరోలు. అదే ఇల్లు ఒక మామూలు వ్యక్తి అమ్మితే కతాస్తో విలువపై 9 శాతం. ఉదాహరణకు కతాస్తోలో ఇంటికి రాసిన ఏటి రాబడి 220 యూరోలైతే, దాన్ని 126తో హెచ్చవేస్తే విలువ 27,720 అవుతుంది, దానిమీద పన్ను 2,495, స్థిర పన్నులు ఇంకో వంద. బిల్డరు చెప్పిన ధరలో వ్యాట్ కలిసి ఉందా లేదా అన్నది ఇవాళే ఫోను చేసి కనుక్కోండి. మొదటి ఇంటి రాయితీ కోసం ఆ ఊళ్లో నివాసం చూపిస్తామని మాత్రం అనకండి. 18 నెలల్లో నిజంగా నివాసం మార్చాలి, మీ ఉద్యోగాలు మిలాన్‌లో ఉన్నాయి. రెండో ఇంటికి ఏటా జూన్ 16, డిసెంబరు 16 తేదీల్లో ‘ఇము’ అనే ఆస్తి పన్ను ఉంటుంది, చెత్త పన్ను వేరు.

ఇవన్నీ దాటి కొన్నారనుకోండి, సామాను ఎలా చేరుతుందో చూసుకోండి. పాత ఊరి సందుల్లోకి లారీ రాదు. పియాజియో వారి ఆపే బండి వస్తుంది. మన ఊళ్లలో జనాన్ని మోసే ఆపే ఆటోకి పుట్టిల్లు ఇటలీయే, ఇక్కడ కట్టెలూ ద్రాక్ష బుట్టలూ మోస్తుంది. ఇళ్లకు మామూలుగా ఇచ్చే కరెంటు 3 కిలోవాట్లు. గీజరు, ఇండక్షన్ పొయ్యి, మీ గ్రైండరు ఒకేసారి వేస్తే మీటరు ట్రిప్పై కరెంటు పోతుంది. కాస్త ఎక్కువ నెలసరి కట్టి పెంచుకోవచ్చు. తిరిగి అమ్మి లాభం చేసుకుందామన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. ఆ వీధిలో మూసిన కిటికీలు ఎన్నో లెక్కపెడితే మీకు పోటీగా అమ్మేవాళ్లు ఎంతమందో తెలుస్తుంది. సెలవుల్లో ఉండడానికే అయితే, కప్పు, గోడ ఈ రెండింటి కాగితాలూ సరిగా ఉంటే, కొనదగ్గ ఇల్లేనమ్మా.

ప్రశ్న: నేను విశ్రాంత అధ్యాపకుణ్ణి. ఇక్కడి నుంచే డబ్బు పంపి టస్కనీ కొండల్లో చిన్న ఫ్లాటు కొని, మేమిద్దరం అక్కడే స్థిరపడవచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, ఇవి మూడు వేర్వేరు సంగతులు. డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు అనుమతిస్తుంది. పది లక్షల రూపాయలు దాటిన మొత్తంపై బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఆ ఇంటిని ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి.

కొనే హక్కు రెండోది. ఇటలీలో నివాస అనుమతి లేని, యూరోపియన్ యూనియన్ బయటి పౌరులకు పరస్పరత నియమం వర్తిస్తుంది: మా వాళ్లను మీ దేశంలో కొననిస్తే మిమ్మల్ని మేం కొననిస్తాం. మన దేశంలో నివసించని విదేశీయులు మన దగ్గర ఇల్లు కొనడానికి ఆంక్షలున్న సంగతి మీకు తెలిసిందే. కాబట్టి ఇల్లు వెతకడానికి ముందే ఇటలీ నోటరీ ఒకరిని మీ విషయంలో ఈ నియమం ఎలా వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. పైన ఉత్తరం రాసిన మిలాన్ దంపతులకు ఉద్యోగ నివాస అనుమతి ఉంది కాబట్టి ఈ బెడద లేదు.

మూడోది, ఇల్లు ఉన్నంత మాత్రాన వీసా రాదు. పర్యాటక వీసాపై 180 రోజుల్లో 90 రోజులే. స్థిరపడడానికి ‘ఎలెక్టివ్ రెసిడెన్స్’ వీసా ఉంది. ఒక్కరికి ఏడాదికి సుమారు 31,000 యూరోల పింఛనో, అద్దె రాబడో, వడ్డీయో చూపించాలి, భార్యకు ఇంకా కలపాలి, అక్కడ ఉద్యోగం చేయకూడదు. ముందు ఒక వేసవి అద్దెకు ఉండి రండి. మెట్ల వీధులు మోకాళ్లను అడుగుతాయి.

ప్రశ్న: ఒక్క యూరోకే ఇల్లు అంటున్నారు. నిజమా?
– డల్లాస్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: నిజమే. ఆ ఇంట్లో కప్పు ఉండకపోవచ్చు. సిసిలీలోని సంబూకా 2019లో వేలం వేసిన ఇళ్లు ఒక యూరోతో మొదలయ్యాయి. కొన్నవారు 5,000 యూరోల ధరావతు కట్టాలి, మూడేళ్లలో పునరుద్ధరణ చేయాలి. పునరుద్ధరణ ఖర్చుల లెక్క వేసుకున్నాక, మిలాన్ దంపతుల 68,000 ఫ్లాటు మీకు చవకగా కనిపించవచ్చు.