టోకెన్ బోర్డు బిగుసుకుపోవడానికి కారణం స్లీప్

మద్దిలపాలెం క్లినిక్ కోసం మీరు టికింటర్‌లో (పైథాన్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) రాసిన టోకెన్ బోర్డు కాసేపు బిగుసుకుపోయి, చివరి నంబరు మాత్రమే చూపిస్తోందన్నారు. నంబరుకూ నంబరుకూ మధ్య ఐదు సెకన్లు ఆగడానికి ఫర్ లూప్‌లో పెట్టిన స్లీప్ (ప్రోగ్రామ్‌ను అక్కడే ఆపి ఉంచే ఆదేశం) వల్లే ఈ తంటా. తెర గీయడం, మౌస్ నొక్కులు అందుకోవడం అన్నీ మెయిన్‌లూప్ (టికింటర్ కిటికీని నడిపే చక్రం) పనే. మీ ఫర్ లూప్ ముగిసేదాకా దానికి వంతు రాదు. లేబుల్‌లో అంకె మారుతూనే ఉంటుంది, తెర మీదికి మాత్రం ఎక్కదు.

ఫర్ లూప్, స్లీప్ రెండింటినీ తీసేయండి. ఒక్క నంబరు మార్చే ‘తర్వాతి_టోకెన్’ అనే ఫంక్షన్ రాసి, దాని చివర రూట్.ఆఫ్టర్(5000, తర్వాతి_టోకెన్) అని పెట్టండి. రూట్ అంటే మీ ప్రధాన కిటికీ, 5000 అంటే మిల్లీసెకన్లు. ఐదు సెకన్లయ్యాక ఆ ఫంక్షన్‌ను మళ్లీ పిలవమని దీని అర్థం. ఫంక్షన్ పేరు పక్కన మళ్లీ బ్రాకెట్లు పెట్టకండి సుమా! పెడితే ఆగకుండా అప్పటికప్పుడే తనను తాను పిలుచుకుంటూ పోయి రికర్షన్ ఎర్రర్‌తో కూలబడుతుంది.

‘మొదలు’ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు వరుసలు కలిసి నడిచి నంబర్లు దూకుతాయి. రిసెప్షన్‌లో ఎవరో ఒకరు నొక్కకమానరు. అందుకే ఆఫ్టర్ తిరిగి ఇచ్చే గుర్తింపును ఒక వేరియబుల్‌లో దాచి, కొత్తగా మొదలుపెట్టే ముందు, పాత పిలుపును రద్దు చేసే ఆఫ్టర్_క్యాన్సిల్‌కు అందించండి. ‘ఆపు’ బటన్‌కూ అదే చాలు.

స్లీప్‌ను ఉంచి మధ్యలో అప్‌డేట్ (తెరను అప్పటికప్పుడు గీయించే ఆదేశం) పిలిచే చిట్కా జోలికి పోవద్దు. నంబర్లు కనబడతాయి గానీ బటన్లు ఐదేసి సెకన్లు మొండికేస్తాయి.