ఆడవాళ్ల క్రికెట్‌ను జనం చూడరా, చూసే వీలే లేకపోయిందా?

“ఆడవాళ్ల మ్యాచ్‌లు జనం చూడరు, అందుకే డబ్బు తక్కువ. ఇందులో వివక్ష ఏముంది?” అని ఒకరు నన్ను అడిగారు. కొన్నేళ్ల కిందట అయితే నేనూ ఔననేదాన్నేమో. మా పాపను క్రికెట్ కోచింగ్‌లో చేర్చాక ఆ మాట అనలేకపోతున్నాను.

మాది కడప జిల్లా. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాం. పాపకు పదేళ్లు నిండాక దగ్గర్లోని ఒక అకాడమీలో చేర్పించాం. ఇరవై మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఫీజు మాత్రం అందరికీ ఒకటే. మెట్ల మీద కూర్చుని చూస్తుంటే ఏదో తేడా అనిపించి, ఒక నెల పాటు ఫోన్‌లో టైమ్ చూసి రాసిపెట్టాను. మగపిల్లలకు నెట్స్‌లో, అంటే వలలు కట్టిన ప్రాక్టీసు చోట, పది పన్నెండు నిమిషాల బ్యాటింగ్, ఎదురుగా బౌలర్లు. మా పాపకు నాలుగైదు నిమిషాలు. అది కూడా అందరిదీ అయ్యాక, వెలుతురు పోతుండగా, కోచ్ చేత్తో విసిరే త్రోడౌన్లు.

కోచ్ చెడ్డ మనిషి కాదు. అడిగితే, “వాళ్లకు టోర్నమెంట్లున్నాయి మేడం, అమ్మాయిలకు మ్యాచ్‌లెక్కడున్నాయి?” అన్నారు. మ్యాచ్‌లు లేవని ప్రాక్టీసు తక్కువ, ప్రాక్టీసు లేక ఆట పెరగదు, ఆట పెరగలేదని మ్యాచ్‌లు పెట్టరు. నన్నడిగిన ఆ ప్రశ్న కూడా ఈ గానుగ చుట్టూనే తిరుగుతోంది.

ఆ గ్రౌండ్‌లో టాయిలెట్ ఒక్కటే. దానికి ఎప్పుడూ తాళమే, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. రెండో అమ్మాయి మూడు గంటలు నీళ్లు తాగకుండా ఉండి, ఆరోగ్యం పాడైతే వాళ్లమ్మ మాన్పించేసింది. చేతిలో మంచి ఆట ఉన్న పిల్ల. “వయసొచ్చాక ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి పోతుంది” అని ఎవరైనా అంటే నాకు ఆ తాళమే గుర్తొస్తుంది.

ఇక జనం చూడరన్న మాట. 2024 ఫిబ్రవరి 24న డబ్ల్యూపీఎల్ (మహిళల ప్రీమియర్ లీగ్) మ్యాచ్‌కు పాపను చిన్నస్వామి స్టేడియానికి తీసుకెళ్లాను. మా బెంగళూరు జట్టు ఆర్‌సీబీకి యూపీ వారియర్స్‌తో ఆట. ఆర్‌సీబీ తరఫున మన ఆంధ్రా అమ్మాయి సబ్బినేని మేఘన 53 కొట్టింది. శోభన ఆశ ఐదు వికెట్లు తీసింది, ఒకే ఓవర్లో మూడు. రెండు పరుగుల తేడాతో ఆర్‌సీబీ గెలిచింది. మా చుట్టూ ఉన్నవాళ్లలో మగవాళ్లే ఎక్కువ, అందరూ గొంతు పోయేలా అరిచారు. ఆ ఏడు కప్పు కూడా ఆర్‌సీబీ అమ్మాయిలదే.

ఇది నిన్న మొన్నటి ఆట కూడా కాదు. భారత మహిళల మొదటి టెస్టు 1976లో వెస్టిండీస్‌తో జరిగింది ఈ చిన్నస్వామిలోనే. కెప్టెన్ శాంతా రంగస్వామి. కానీ మహిళల క్రికెట్ దేశ క్రికెట్ బోర్డు బీసీసీఐ కిందికి వచ్చింది 2006లో. ముప్పై ఏళ్లు పెద్ద బోర్డు అండ లేకుండా ఆడిన ఆటను “జనం చూడలేదు” అనడం నాకు న్యాయంగా తోచదు.

డబ్బు విషయంలో కొంత మారింది, ఒప్పుకుంటాను. 2022లో మ్యాచ్ ఫీజులు మగవాళ్లతో సమానం చేశారు: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6, టీ20కి 3. అయితే ఆడే మ్యాచ్‌లే తక్కువైతే ఆ ఫీజు ఎన్నిసార్లు చేతికొస్తుంది? 2024–25 వార్షిక ఒప్పందాల్లో మగవాళ్లకు అన్నిటికన్నా కింది గ్రేడు కోటి రూపాయలు, ఆడవాళ్లకు అన్నిటికన్నా పై గ్రేడు 50 లక్షలు.

2025 నవంబర్ 2న మహిళల ప్రపంచకప్ ఫైనల్ రాత్రి ఊళ్లో మా అమ్మ నిద్రపోలేదు. క్రికెట్ అంటే ఏమిటో తెలియని మనిషి! “మన కడప పిల్ల శ్రీచరణి బౌలింగ్ వేస్తాండాది, నువ్వు చూస్తాండావా?” అని రెండుసార్లు ఫోన్ చేసింది. ఆ కప్పులో శ్రీచరణి 14 వికెట్లు తీసింది.

ఆ వారమే మా అకాడమీలో కొత్తగా ఐదుగురు అమ్మాయిలు చేరారు. తల్లులం కలిసి వెళ్లి, నేను రాసుకున్న లెక్క కోచ్ ముందు పెట్టాం. ఆయన చాలాసేపు చూసి, ఆదివారం పొద్దున ఏడింటికి ఒక నెట్ అమ్మాయిలకే ఇచ్చారు. టాయిలెట్ తాళంచెవి ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది.

మొన్న ఆదివారం పాప పదిహేను నిమిషాలు బ్యాటింగ్ చేసింది. ఒక ఎడమచేతి స్పిన్నర్ పిల్ల బంతికి స్వీప్ తప్పి బౌల్డ్ అయింది. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆ ఒక్క బంతి గురించే మాట్లాడింది.