మంచి ముర్రా గేదెకు అచ్చం అలాంటి దూడ: క్లోనింగ్‌తో సాధ్యమేనా?

ప్రశ్న: మా ముర్రా గేదె ఆరో ఈతలోనూ రోజుకు 14 లీటర్ల పాలిస్తోంది. వయసు పైబడుతోంది కనుక, చెవి చర్మం ముక్క తీసి అచ్చం అలాంటి గేదెనే పుట్టించే పద్ధతి ఉందంటే ఆశ కలిగింది. ఎక్కడికి తీసుకువెళ్లాలి?
– ఒక పాడి రైతు, కృష్ణా జిల్లా

జవాబు: మీరు విన్నది నిజమే, ఆ పద్ధతినే క్లోనింగ్ అంటారు. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరిలో మొదటి క్లోన్ గేదె దూడ పుట్టి, కొద్ది రోజులకే న్యుమోనియాతో చనిపోయింది. అదే ఏడాది జూన్‌లో గరిమ అనే మరో క్లోన్ దూడ పుట్టింది. 2010లో పుట్టిన గరిమ-2 పెరిగి పెద్దదై, 2013 జనవరిలో మహిమ అనే పెయ్యను ఈనింది. అండంలోని కేంద్రకాన్ని తీసివేసి, ఆ స్థానంలో మనం కోరుకున్న పశువు కణాన్ని కలిపి, వారం రోజులు ప్రయోగశాలలో పెంచిన పిండాన్ని మరో గేదె గర్భంలో ఉంచుతారు. అలా ఉంచిన పిండాల్లో దూడ దాకా వచ్చేవి బహు కొద్ది. కనుక ఇది ఇంకా పరిశోధకుల పనే తప్ప, రైతు గేదెను తోలుకువెళ్లి చేయించుకోగల సేవ కాదు.

ఒకవేళ క్లోన్ దూడ పుట్టినా అది 14 లీటర్లు ఇస్తుందని చెప్పలేము. ఒకే తల్లి దుబ్బు నుంచి తీసిన అరటి పిలకలు కాలువ గట్టున ఒక రకంగా, చవిటి నేలలో మరో రకంగా గెల వేయడం మీరు చూసే ఉంటారు. పాల దిగుబడి కూడా అంతే. వంశం కన్నా మేత, ఆరోగ్యం, ఈతల మధ్య ఎడం ఎక్కువగా నిర్ణయిస్తాయి.

క్లోనింగ్‌కు బదులు దాని నుంచి మంచి దూడలు కావాలంటే, ఆ గేదెను ఊరి దున్నతో మాత్రం దాటించవద్దు. ఆ దున్న మీ గేదెకే కొడుకో మనవడో అయ్యే ప్రమాదం ఉంది. కూతుళ్ల పాల దిగుబడిని బట్టి ఎంపికైన ముర్రా దున్న వీర్యాన్నే పశువైద్యుని అడిగి వేయించండి. గేదెల్లో లక్షణాలు బయటికి సరిగా కనిపించని మూగ ఎద ఎక్కువ కనుక, తెల్లవారుజామున పడుకుని ఉన్నప్పుడు మానం నుంచి జిగురు తీగలు వేస్తోందేమో గమనించి, ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం వీర్యపు సూది వేయించాలి. ఎక్కువగా పెయ్యలనే పుట్టించే లింగ నిర్ధారిత వీర్యంతో చూలు నిలిచే అవకాశం కొంత తక్కువ కనుక, వయసు మళ్లిన ఈ గేదెకు కాకుండా దాని ఆరోగ్యమైన పడ్డలకు వాడటం మేలు. వాటిలో ఏదైనా ఇంట్లో ఉంటే అమ్మవద్దు. వీర్యపు గొట్టంపై ముద్రించిన దున్న సంఖ్యను, పడ్డ ఈనాక వారానికోసారి కొలిచిన పాలను ఒకే పుస్తకంలో రాసిపెట్టండి.