గడ్డం గీసిన మూడో రోజుకి మెడ మీద లేచే గుల్లలు

తమ్ముడూ, శ్రీకాకుళంలో షోరూమ్ ఉద్యోగం, రోజూ నున్నగా గీసుకుని రమ్మంటున్నారు, మెడ నిండా ఎర్ర గుల్లలు, మొటిమల మందు రాసినా తగ్గట్లేదు అన్నావు. నాదీ ఇదే కథ. విజయనగరంలో మెడికల్ రెప్‌ని. బండి మీద బొబ్బిలి, సాలూరు తిరగాలి. చెమట, హెల్మెట్ బెల్టు రాపిడి, దానికి తోడు రోజూ షేవింగ్. మందుల మధ్య తిరిగేవాడినే అయినా నా మెడకి ఏమైందో రెండేళ్లు తెలియలేదు. (నేను అమ్మేది కడుపు మంట మాత్రలు లే.)

ఇంట్లో వేడి చేసిందన్నారు. మజ్జిగ, సబ్జా గింజలు అయ్యాయి. సెలూన్‌లో పటిక గట్టిగా రుద్దారు. ఒక మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చారు. రాస్తే మూడు రోజుల్లో మాయం, ఆపగానే రెట్టింపు. అందులో గట్టి స్టెరాయిడ్ ఉందని తర్వాత తెలిసింది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడిపోతుంది. నా మెడ పక్కన సన్నటి ఎర్ర నరాలు తేలాయి. ఆ పని మాత్రం చేయకు.

ఆ ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు బ్లేడు తగల్లేదు. మొదటి వారం గుల్లలు ఇంకా ఎక్కువయ్యాయి గానీ, నెల దాటేసరికి మెడ శుభ్రపడింది. స్వామి దయ అనుకున్నాను. మాల తీసి గీయించుకున్న మూడో రోజుకి మళ్లీ మొదలు! చర్మం డాక్టరు గారికి ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వి, "మీ వైద్యం మీరే చేసుకున్నారు కదండీ" అన్నారు. భూతద్దంలోంచి ఫోన్‌తో ఫొటో తీసి చూపించారు. వెంట్రుక బయటికొచ్చి, ఉంగరంలా వంగి, మళ్లీ చర్మంలోకే దిగి ఉంది.

రింగుల జుట్టు వాళ్లకి ఇది ఎక్కువట. చర్మం లాగిపట్టి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం మట్టానికి కిందే తెగుతుంది. మొన వాడిగా ఉండి, పెరిగేటప్పుడు లోపలే గుచ్చుకుంటుంది. ముల్లు దిగితే వాచినట్టే ఇక్కడా వాస్తుంది. మూడు నాలుగు బ్లేడుల రేజర్ అంత నున్నగా గీసేది ఇలాగే. మనకి అదే శత్రువు.

గీసిన కాసేపటికే మండి, ఒకటి రెండు రోజుల్లో పోతే అది ఉత్త బ్లేడు మంట. రెండు మూడు రోజులకి దవడ కింద, మెడ మీద గట్టి గుల్లలు లేచి, లోపల నల్లగా వెంట్రుక కనిపిస్తే మన బాపతు. మొటిమలైతే బ్లేడు తగలని నుదుటి మీదా ఉంటాయి. వెంట్రుక మొదళ్లలో పసుపు చీము, నొప్పి ఉంటే క్రిములు చేరాయేమో చూపించుకో. గుండ్రంగా అంచు కట్టి జిల పెడితే తామర కావచ్చు, స్టెరాయిడ్ రాస్తే అది ఇంకా పాకుతుంది.

నేను నాలుగు వారాలు బ్లేడు మానేశాను. మేనేజర్‌కి డాక్టరు చీటీ చూపించాను, నువ్వూ రాయించుకో. రోజూ గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ పది నిమిషాలు అద్దేవాడిని. రాత్రికి డాక్టరు రాసిన అడాపలిన్ జెల్ (వెంట్రుక రంధ్రాలు మూసుకుపోకుండా చూసే పూత మందు), పల్చగా. మొదట్లో పొట్టు లేచింది, ఆవిడనడిగి రోజు విడిచి రోజు రాశాను. వంగిన వెంట్రుక పైకి కనిపిస్తే స్పిరిట్‌తో తుడిచిన సూదితో కొస మాత్రం లేపాలి. పీకకూడదు, కొత్తగా వచ్చేది కూడా లోపలే గుచ్చుకుంటుంది. గిల్లావంటే నల్ల మచ్చ నెలల తరబడి పోదు. వెంట్రుకలు తగ్గించే లేజర్ గురించీ చెప్పారు, ఖర్చు చూసి వద్దన్నాను.

ఇప్పుడు రోజూ ట్రిమ్మరే, ఒక మిల్లీమీటరు వదిలి. షోరూమ్ వాళ్లకి అది చాలకపోతే స్నానం చేశాక, నురగ ఐదు నిమిషాలు నాననిచ్చి, ఒంటి బ్లేడుతో వాలు వైపే ఒక్కసారి గీసుకో. మెడ మీద వాలు వంకరటింకరగా ఉంటుంది. రెండు రోజుల గడ్డాన్ని వేలితో నిమిరి చూడు, ఎటు నిమిరితే గరగరలాడదో అదే వాలు.

సెలూన్‌కి వెళ్తే రెండో చుట్టు వద్దని కూర్చోగానే చెప్పు. నాకు గీసే ఆయన "సగం పనేంటి బాబూ" అని నొచ్చుకున్నాడు గానీ, పండక్కి కూడా ఇప్పుడు ఒక చుట్టుతోనే ఆపుతున్నాడు.