శాకాహారి – శాఖాహారి

సందేహం: హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూసి వచ్చి, మా అమ్మాయి ‘ఇది శాఖాహారి’ అని వ్యాసం రాసింది. టీచరు ‘శాకాహారి’ అని దిద్దారు. చెట్ల కొమ్మలు మేసే జంతువును శాఖాహారి అంటే తప్పా? పేరులోని కోట ఏ కోట?

సమాధానం: దిద్దుబాటు సరైనదే. అయినా మీ అమ్మాయికి అర మార్కు నేనిస్తాను.

శాకం అంటే కూర. శాకపాకాలు అనే మాటలో ఉన్నదీ, ఆషాఢంలో బెజవాడ దుర్గమ్మను కూరగాయలతో అలంకరించి శాకంభరి అని కొలిచే పేరులో ఉన్నదీ ఇదే. శాఖ అంటే కొమ్మ. అందుకే కోతి శాఖామృగం. శాక, ఆహారి కలిస్తే శాకాహారి. ఒత్తుకు చోటే లేదు. హోటలు బోర్డు మీద ‘శాఖాహార భోజనం’ అని చూసినప్పుడల్లా నాకు విస్తట్లో వేపకొమ్మ కనిపిస్తుంది.

అలాగని శాఖాహారి అపశబ్దమేమీ కాదు. సంధి కుదిరింది, ‘కొమ్మలు తినేది’ అనే అర్థమూ ఉంది. మనిషికి నప్పని ఆ అర్థం ఈ జంతువుకు భేషుగ్గా నప్పుతుంది. కోటసారస్ జురాసిక్ యుగం తొలి భాగంలో, సుమారు 18 కోట్ల ఏళ్ల కిందట బతికింది. అప్పటికి గడ్డి లేదు, తోటకూర, వంకాయల ఊసే లేదు. ఉన్నవల్లా సూదాకుల చెట్లు, సైకాడ్లు, ఫెర్న్‌లు. ఈ పొడుగు మెడ జాతివి రెమ్మలతో సహా ఆకు దూసుకుని, నమలకుండా మింగేవి. మాటకు మాటగా చూస్తే అది శాఖాహారమే! కానీ శాస్త్రంలో మాంసాహారికి ప్రతిగా, మొక్కలు తినే ప్రాణులన్నిటికీ శాకాహారి అనే మాటే స్థిరపడింది. అక్కడ శాకం కూరను దాటి మొక్కంతటికీ వర్తిస్తుంది. వ్యాసంలో అదే రాయాలి.

శాఖాచంక్రమణం చాలించి కోటకు వస్తాను. అది దుర్గం కాదు, మహారాష్ట్రలో ప్రాణహిత తీరాన ఉన్న ఊరు. ఆ ప్రాంతపు శిలాస్తరాలకు ఆ ఊరి పేరే వచ్చింది. ఈ జంతువు ఎముకలు అవే స్తరాల్లో, తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికాయి. 1988లో పురాజీవ శాస్త్రవేత్త యాదగిరి దీనికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. సారస్ గ్రీకు మాట నుంచి వచ్చింది, బల్లి అని అర్థం. చివరి ‘ఎన్సిస్’ లాటిన్ ప్రత్యయం. ‘ఫలానా ఊరిది’ అని చెబుతుంది. మనకు ఊరు ఇంటిపేరై ముందు నిలుస్తుంది, దీనికి వెనక నిలిచింది.