ఆ దీపం సంగతి

చిట్టీ,

నువ్వు సొంతంగా ప్రదర్శన కడుతున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. గంటన్నర సేపట, ఐదుగురు కళాకారులట. నువ్వు చక్రాల కుర్చీలో నాట్యం చేస్తావు, ఒక బధిర నటి, ఒక చూపులేని గాయకుడు ఉంటారు, దర్శకత్వం కూడా నీదేనట. వింటుంటే ఛాతీ ఉప్పొంగింది. ఫోన్ పెట్టేశాక ఒక్కొక్కటిగా భయాలు మొదలయ్యాయి. ఇన్నేళ్లు లైట్ల పని చేశాక, ఏ వేదిక గురించి విన్నా అక్కడ ఏం చెడిపోవచ్చన్నదే ముందు కళ్ల ముందుకొస్తుంది. ఈ ఉత్తరంలో ఎక్కడైనా కోప్పడినట్టు అనిపిస్తే అది భయమనుకో తల్లీ.

తెలిసిన సంగతులు చకచకా చెప్పేస్తాను. హాలు ఖాయం చేసే ముందు నువ్వే వెళ్లి చూడు, ఫోటోలు చూసి ఒప్పుకోకు. పారితోషికంతో సహా అందరితో కాగితం మీద రాసుకో. ఎవరికి ఏ మందు, ఎవరికి ఏది పడదు, ఎవరింటికి ఫోన్ చెయ్యాలి అన్న చీటీ స్టేజ్ మేనేజర్ జేబులో ఉండాలి. సైగల భాష, ర్యాంపు, మాటల్ని అక్షరాల్లో చూపే క్యాప్షన్ల ఖర్చు మొదటి బడ్జెట్‌లోనే ఒక పద్దుగా వెయ్యి, చివర్లో మిగిలినదాంట్లో చూద్దాం అనుకుంటే ఏమీ మిగలదు. నిధుల కోసం అర్జీ రాసేటప్పుడు, వికలాంగుల హక్కుల మీద 2006లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 30వ అధికరణాన్ని ఉదహరించు. వికలాంగులు తమ సృజనశక్తిని పెంచుకుని వాడుకునే అవకాశం ఉండాలని, అది వాళ్ల మేలుకే కాక సమాజం సుసంపన్నం కావడానికి కూడా అని అందులో ఉంది. నువ్వు దయ అడగడం లేదని అవతలివాళ్లకు తెలియాలి.

ర్యాంపు ఉందా అని అడిగితే ఉందనే అంటారు. ఎక్కడివరకు ఉందో అడుగు. చాలా హాళ్లలో అది ప్రేక్షకుల సీట్ల దగ్గరే ఆగిపోతుంది. చక్రాల కుర్చీలో మనిషి చూడ్డానికి వస్తాడే తప్ప ఆడడానికి రాడని కట్టినవాళ్లు అనుకున్నారన్నమాట. వేదిక మీదికి, కళాకారులు తయారయ్యే గ్రీన్ రూమ్‌కి, బాత్రూమ్‌కి, ఈ మూడింటికీ నీ కుర్చీలో నువ్వే వెళ్లి చూడు. తలుపుకి 90 సెంటీమీటర్ల దారి, లోపల కుర్చీ తిరగడానికి మీటరున్నర వలయం దొరకాలి.

వేదికకి ర్యాంపు కట్టించాల్సి వస్తే లెక్క తేలికే కానీ చోటు చాలా తింటుంది. ఒక పాలు ఎత్తుకి పన్నెండు పాళ్ల పొడవు. వేదిక ఎత్తు 90 సెంటీమీటర్లయితే వాలే 10.8 మీటర్లు. అంత ఎత్తు ఒక్క ఊపున ఎక్కించకూడదు, మధ్యలో మీటరున్నర చదును వదలాలి. పైన, కింద కూడా అంతే చదును కలిపితే మొత్తం 15 మీటర్లు దాటుతుంది. వింగ్‌లో, అంటే వేదిక పక్క చాటున, అంత చోటుండదు, కాబట్టి మధ్య చదును దగ్గర మలుపు తిప్పి కట్టమను. వెడల్పు 1.2 మీటర్లు, రెండు వైపులా పట్టుకమ్మీలు, అంచుల వెంట చక్రం జారిపోకుండా 10 సెంటీమీటర్ల గట్టు ఉండాలి. బ్యాటరీ కుర్చీ మనిషితో కలిపి 200 కిలోలు దాటవచ్చు. వడ్రంగికి ఆ అంకె ముందే చెప్పకపోతే ఇద్దరు మనుషులు నడవడానికి సరిపోయేలా కట్టేస్తాడు.

ఎవరో ఒకరు, "ఎందుకంత ఖర్చు, నలుగురం పట్టుకుని ఎత్తేస్తాం" అంటారు. ఒప్పుకోవద్దు చిట్టీ. నీ కుర్చీ చేతులు, కాళ్ల పలకలు ఊడదీసేలా చేసినవని నీకు తెలుసు, ఎత్తేవాళ్లకి తెలీదు. కంగారులో వాళ్లు పట్టుకునేవి అవే, ఊడి చేతికొచ్చేవీ అవే. ఎవరూ పడకపోయినా సరే, ప్రేక్షకుల కళ్ల ముందు సామానులా ఎక్కి, మరుక్షణం నాట్యం మొదలుపెట్టాల్సిన గతి నీకు పట్టకూడదు.

ఇక దీపం సంగతి. దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఒక నాటకానికి సైగల భాష ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాం. ఆఖరి వారంలో పెట్టాం, అక్కడే తప్పు మొదలైంది. దృశ్యం చెడకూడదని ఆవిణ్ణి వేదిక కుడి కొసన నిలబెట్టాను. నడినెత్తి మీద ఒక దీపం కట్టి, దాన్ని కూడా మిగతా లైట్లతో పాటు, అన్నిటినీ ఒకేసారి పెంచి తగ్గించే మాస్టర్ ఫేడర్‌కే కలిపాను. నాటకంలో ఒకచోట పూర్తి చీకటిలో ఇద్దరు మాట్లాడుకుంటారు, కథలో ఉన్న రహస్యమంతా ఆ మాటల్లోనే ఉంది. ఫేడర్ కిందికి లాగాను. వినేవాళ్లందరూ ఊపిరి బిగబట్టారు. బధిరులకు మాత్రం నాటకం అక్కడే ఆగిపోయింది. రెండో వరసలో ఒకావిడ ఫోన్‌లో టార్చ్ వెలిగించి ఇంటర్‌ప్రెటర్ చేతుల మీదికి పట్టింది. ఆ చిన్న తెల్లటి వెలుతురులో పది వేళ్లు కదులుతున్నాయి. హాలు కుర్రాడొకడు వచ్చి ఫోన్ ఆర్పేయమని ఆవిడ భుజం తట్టాడు. ఆవిడ ఆర్పేసింది.

ఆ వేళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి. అందుకే ఏమేం తప్పయ్యాయో వివరంగా చెబుతున్నాను, విను.

మొదటిది, చోటు. కొసన నిలబెడితే బధిర ప్రేక్షకుల చూపు నటుల నుంచి ఇంటర్‌ప్రెటర్‌కి, మళ్లీ నటులకి పరిగెడుతూనే ఉంటుంది. మాట చూస్తే నటన తప్పిపోతుంది, నటన చూస్తే మాట తప్పిపోతుంది. ఇంటర్‌ప్రెటర్ నటులకి ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. సీట్లు కూడా ఆవిడకి ఎదురుగా ఉన్నవి, ముందు నాలుగైదు వరసల్లో, టికెట్లు అమ్మే ముందే పక్కన పెట్టాలి.

రెండోది, వెలుగు వచ్చే దిక్కు. నెత్తి మీది నుంచి పడితే కళ్ల గుంటలు, గడ్డం కింద అంతా నీడ. సైగల భాషలో వ్యాకరణం సగం ముఖంలోనే ఉంటుంది. ఒకే సైగ కనుబొమలు ఎత్తితే ప్రశ్న, తల అడ్డంగా ఊపితే కాదని. కాబట్టి ముందు నుంచి రెండు దీపాలు, కుడి ఎడమల చెరొకటి, 45 డిగ్రీల ఎత్తులో కట్టాలి. తల పైనుంచి నడుం దాకా, చేతులు పూర్తిగా చాపినంత వెడల్పున సమంగా పడాలి. దీపం ముందు తగిలించే ముదురు రంగుల జెల్ షీటు వద్దు, ఎరుపు, నీలం వెలుగులో వేళ్ల అంచులు కరిగిపోతాయి.

మూడోది, నన్ను అన్నిటికంటే బాధపెట్టేది: ఆ దీపానికి వేరే ఛానల్ ఉండాలి. మాస్టర్‌తో సంబంధం ఉండకూడదు. వేదికంతా చీకటి చేసే బ్లాకౌట్‌లో దాన్ని పావు వంతుకి దించవచ్చు, ఆర్పకూడదు. చీకటి అందం చెడుతుందని నీ లైట్ల మనిషి గొణుగుతాడు, నేనూ గొణిగాను. పావు వంతు వెలుగుకి అందం చెడిపోయే దృశ్యమైతే ఆ దృశ్యాన్నే మళ్లీ రాసుకోవాలి.

బట్టల విషయంలో కూడా పొరపాటు చేశాం. ఆవిడ పూల చీర కట్టుకుంది, వెనక రాతిగోడ బొమ్మ గీసిన తెర. చేతులు ఆ పూలల్లో కలిసిపోయాయి. ఒంటి రంగుకి ఎదురు రంగులో, బొమ్మల్లేని బట్ట, వెనక సాదా తెర ఉండాలి. ఇక ఆఖరి వారంలో పిలిస్తే వాళ్లు చెయ్యగలిగిందేమీ ఉండదు. పద్యం, సామెత, శ్లేష లాంటివి సైగల్లోకి తేవడానికి వారాలు పడుతుంది. స్క్రిప్టు మొదటి రిహార్సల్ నాడే ఇవ్వు. అనువాదం సరిగా ఉందో లేదో చూడ్డానికి ఒక బధిర సలహాదారుని పెట్టుకో, ఆయనకీ పారితోషికం ఇవ్వు. ఆగకుండా చేస్తే ఇరవై నిమిషాలు దాటాక ఎంతటివాళ్లకైనా మెదడు అలసిపోయి మాటలు జారతాయి. గంటన్నరకి ఇద్దరు కావాలి.

అసలు నీ దగ్గర బధిర నటే ఉన్నప్పుడు పక్కన ఇంటర్‌ప్రెటర్ ఎందుకు అన్న ప్రశ్న నీకు వచ్చే ఉంటుంది. లాస్ ఏంజెలెస్‌లో 1991 నుంచి ఉన్న డెఫ్ వెస్ట్ థియేటర్ వాళ్లు ఒకే పాత్రకి ఇద్దర్ని పెడతారు. బధిర నటి సైగలతో నటిస్తుంటే, వినగలిగే నటి పక్కనే ఉండి ఆమె గొంతవుతుంది. 1980లో బ్రిటన్‌లో మొదలైన గ్రే-ఐ థియేటర్ కంపెనీ కూడా సైగలనీ, క్యాప్షన్లనీ, చూపులేనివాళ్లకి చెప్పే దృశ్య వర్ణననీ నాటకం అల్లికలోనే కలిపేస్తుంది. నీ గాయకుడే ఆ అమ్మాయి గొంతు ఎందుకు కాకూడదు?

అలా చేస్తే ఒక చిక్కుంది. ఆమె సైగ మొదలుపెట్టిందని అతనికి కనపడదు, అతని పాట అయిపోయిందని ఆమెకి వినపడదు. ఇద్దరికీ అందేది నేల. కింద బోలుగా ఉన్న చెక్క వేదిక మీద మడమతో ఒక్కసారి తడితే ఇద్దరి పాదాలకీ తెలుస్తుంది. సిమెంటు నేల మీద ఇది పని చెయ్యదు, అదురు అందులో చచ్చిపోతుంది. వేదిక సిమెంటుదైతే వాళ్లిద్దరూ నిలబడే చోట 20 సెంటీమీటర్ల ఎత్తు చెక్క వేదిక వేయించు, దాని మీదికి నీకు కూడా వాలు మర్చిపోకు. తట్టే పని ఎవరిదో, ఎన్ని తట్లో ముందే తేల్చుకోండి. నాట్యంలో పడే అడుగులూ తట్లలాగే ఉంటాయి, అందుకని క్యూకి, అంటే 'ఇక నీ వంతు' అనే గుర్తుకి, వరసగా రెండు తట్లు పెట్టుకోవడం మంచిది.

గాయకుడి కోసం వేదిక ముందు అంచుకి మీటరు లోపల, ఈ కొస నుంచి ఆ కొసకి గరుకు రబ్బరు పట్టీ అతికించు. పాదానికి అది తగిలిందంటే ఆగాలని అర్థం. అతను నిలబడే చోట్లకి టేపు కింద సన్నటి తాడు. నీ కుర్చీ ముందు చక్రాలు చిన్నవి కదా, తాడు మీదికి ఏటవాలుగా వస్తే పక్కకి తిరిగిపోతాయి, నిట్టనిలువుగా దాటేలా నీ నడకలు కూర్చుకో. పలకల మధ్య సందులు కూడా చూసుకో, ఆ చిన్న చక్రం దిగడానికి రెండు వేళ్ల సందు చాలు, కుర్చీ ఆగిపోతుంది, ఒళ్లు ముందుకి పడుతుంది. రోజూ రిహార్సల్ ముందు టైర్లలో గాలి చూడు, గాలి తగ్గితే బ్రేకు కూడా సరిగా పట్టదు. పంపు, ఒక ట్యూబు, అలెన్ కీలు వింగ్‌లో ఉండాలి. పమిటలూ కుచ్చిళ్లూ ఊచల్లో చిక్కుకోకుండా చక్రాలకి కవర్లు వేయించు.

వేడి గురించి నీకు మళ్లీ చెప్పాలి, ఎందుకంటే నువ్వు ఓర్చుకుంటావు. వెన్నుపాముకి దెబ్బ పైభాగాన తగిలితే చెమట సరిగా పట్టదు, ఒళ్లు చల్లబడదు. పాత హాలొజెన్ దీపాల కింద అరగంట ఉంటే నీకు తల తిరుగుతుంది. ఎల్ఈడీలు అడుగు. లేకపోతే ప్రతి పావుగంటకీ నువ్వు వింగ్‌లోకి వచ్చేలా కూర్చుకో, అక్కడ ఫ్యాను, తడిగుడ్డ, నీళ్లు ఉంచు. పనిలో పడి, కూర్చున్న చోట ఒంటి మీద పడే ఒత్తిడి తగ్గించుకోవడం మర్చిపోకు, పావుగంటకో అరగంటకో ఒళ్లు ఎత్తి బరువు మార్చకపోతే పుండ్లు పడతాయి. ఒక పుండు మానడానికి నెలలు పడుతుంది బంగారూ. స్టేజ్ మేనేజర్‌కి చెప్పి గడియారం పెట్టించు, సిగ్గుపడకు. మిణుకు లైట్లు అసలు వద్దు. సెకనుకి మూడు సార్లకి మించి మెరిస్తే మూర్ఛ ఉన్నవాళ్లకి ప్రమాదం.

చూపులేని ప్రేక్షకులకి దృశ్య వర్ణన పెడతావు కదా. ఇయర్‌ఫోన్లలో, మాటల మధ్య ఖాళీల్లో చెప్పేది. కనిపించేదే చెప్పాలి, "పాపం" లాంటి మాట పడకూడదు. కళాకారుల శరీరాన్ని ఏ మాటలతో వర్ణించాలో ఆ కళాకారుణ్ణే అడిగి రాసుకోమను. నీ కాళ్ల గురించి, నీ కుర్చీ గురించి హాలు నిండా చెవుల్లో పడే వాక్యం నువ్వు రాసిందే కావాలి. ఆట మొదలయ్యే గంట ముందు వాళ్లని వేదిక మీదికి పిలిచి, బట్టలు, సామాను, నువ్వు ఒప్పుకుంటే కుర్చీ కూడా తాకి చూడనివ్వు.

పోస్టర్ మీద "వైకల్యాన్ని జయించిన" అనే మాట కనిపిస్తే చించెయ్యి. వికలాంగులని రాయాలా, దివ్యాంగులని రాయాలా అని అడిగితే మీ ఐదుగురూ కూర్చుని తేల్చుకోండి, బయటివాళ్లకి వదలకండి. చిత్రకారుడు బినోద్ బిహారీ ముఖర్జీ చూపు పూర్తిగా పోయాక కూడా రంగు కాగితాలు చేత్తో తడిమి కత్తిరించి బొమ్మలు కూర్చాడు. వాటిని చూసి జాలిపడేవాళ్లకి ఆ రంగుల పొందిక కనపడదు. నీ ప్రదర్శన గురించి రాసేవాళ్లకి నీ ప్రమాదం కథ ఇవ్వకు, నీ నాట్యం కొలతలు ఇవ్వు, ఎక్కడ తిరిగావో, ఎందుకు ఆగావో చెప్పు.

మీ అమ్మతో గట్టిగా మాట్లాడానని నీకు చెప్పే ఉంటుంది. "అంత పెద్ద పని దానికెందుకు" అంది, నాకు కోపం వచ్చింది. తనకీ నాలాగే నిద్ర పట్టడం లేదులే. అమ్మకి రోజూ ఒకసారి ఫోన్ చెయ్యి.

హాలు దొరకగానే వేదిక పొడవు, వెడల్పు, ఎత్తు, లైట్లు కట్టే బార్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో రాసి పంపు. లైట్ల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్‌లో ఖాళీ ఛానళ్లెన్నో కూడా. ఆ బధిర నటి రెండు చేతులూ చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకి ఎన్ని సెంటీమీటర్లో కొలిచి రాయి. ఆ దీపాలు నేనే వచ్చి కడతాను.

మీ మామయ్య